తెగిన నరము – తిరిగి మొలచు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



వ్యవసాయము సాగు గ్రామమున కొడవలి గాయము క్రొత్తది కాదు. వరికోతలనాడు కొడవలి జాఱి ఎడమచేతి మణికట్టు తెగినవారు ప్రతి యూరను కొందఱుందురు. పది పదునైదు దినములలో గాయము మానును; చర్మము కలియును; మచ్చ మాత్రము మిగులును. కాని కొందఱికి ఆ మచ్చకు దిగువనున్న వ్రేళ్లకు స్పర్శ రాదు. వేడిగిన్నె పట్టుకొన్నను తెలియదు. చొక్కా గుండీ పెట్టుకొనుట చేతకాదు. "గాయము మానినది గదా, ఇంకేమి?" అని ఇంటివారందురు. మానినది పైచర్మము, లోపల తెగినది నరము. ఆ నరములో ఏమి జరుగుచున్నది, అది మఱల ఎట్లు మొలచును, ఎంతకాలము పట్టును, ఎంతకు మించి ఆలస్యము చేయరాదు అను విషయములే నేటి ప్రసంగమునకు వస్తువు.

మొదట మాటను తేల్చుకొనవలెను. మన వాడుకలో నరమను మాట పెక్కు వస్తువులకు చెల్లుచున్నది. ముంజేతిపై నీలముగా తేలి కనబడుదానిని నరమందుము. అది రక్తమును గుండెకు చేర్చు సిర. పిక్క పట్టినప్పుడు 'నరము పట్టినది' అందుము, అది కండరము. కండరమును ఎముకకు కట్టియుంచు త్రాడువంటిదానినికూడ నరమే యందుము. ఈ ప్రసంగములో నరమనగా ఇవి యేవియు కావు. మోచేతి వెనుకభాగము తలుపుచెక్కకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి కొసవఱకు జివ్వుమని ప్రాకునది యొకటి కలదు. అచ్చట ఎముక ప్రక్కగా, చర్మమునకు క్రిందనే పోవుచున్న నరము తగులుటవలన కలుగు అనుభవమది. మెదడు, వెన్నుపాములనుండి కండరములకు ఆజ్ఞలు కొనిపోవునదియు, చర్మమునుండి స్పర్శ, వేడి, నొప్పి అను వార్తలు కొనివచ్చునదియు ఈ నరమే.

ఒక్కొక్క నరములో వేలకొలది సన్నని తంతువులు కట్టగా నుండును. ప్రతి తంతువును ఒక జీవకణము చాచిన చేయి వంటిది. ఆ కణము యొక్క దేహము వెన్నుపాములోనో, దాని ప్రక్కనుండు చిన్నముడిలోనో యుండును. కణదేహము అడ్డుకొలత మిల్లీమీటరులో పదవవంతునకు మించదు. కాని కాలి బొటనవ్రేలికి పోవు తంతువు పొడవు సుమారు ఒక మీటరు. ఇంత చిన్నయిల్లు అంత పొడవైన పొలమును సాగుచేయవలసియున్నది.

ఆ తంతువు మాంసకృత్తులచే, అనగా ప్రోటీనులచే, నిర్మింపబడినది. పప్పులోను గ్రుడ్డులోను మనకు లభించు మాంసకృత్తులు కడుపులో విడిపోయి, ప్రతి జీవకణములోను దానికి కావలసిన రూపములలో మఱల కూర్పబడును. నరపు తంతువులో మూడింటిని ముఖ్యముగా చెప్పవచ్చును. ట్యూబ్యులిన్ అనునది సన్నని గొట్టములుగా అమరి సరకులు నడచుటకు బాటయగును. న్యూరోఫిలమెంటులు తంతువునకు లావును దార్ఢ్యమును ఇచ్చును. ఆక్టిన్ అనునది పెరుగుచున్న కొసకు కదలికను కలిగించును. వీనిలో అధికభాగము కణదేహములోనే తయారై, తంతువు వెంబడి ప్రయాణము చేసి తమ స్థానములకు చేరవలెను.

ఈ ప్రయాణము రెండు వేగములతో సాగును. చిన్న సంచులవలె మూటగట్టబడిన సరకు దినమునకు 400 మిల్లీమీటర్ల వఱకు పోవును. దీనిని మోయునది 1985లో కనుగొనబడిన కైనిసిన్ అను మాంసకృత్తు. కొసనుండి కణదేహమునకు తిరుగుదారిలో మోయునది డైనీన్ అను మఱియొకటి. తంతువునకు దూలములవంటివైన ట్యూబ్యులిన్, న్యూరోఫిలమెంటులు మాత్రము దినమునకు ఒక మిల్లీమీటరు మొదలు కొలది మిల్లీమీటర్లే కదలును. 1948లో అమెరికాలో పాల్ వైస్, హెలెన్ హిస్కో అను పరిశోధకులు జంతువుల నరమును ఒకచోట చుట్టును నొక్కియుంచి చూచిరి. కాలువకు అడ్డుకట్ట వేసినచో ఎగువను నీరు నిలిచినట్లు, నొక్కినచోటికి ఎగువను తంతువులు ఉబ్బెను. నొక్కుడు తీసివేయగా నిలిచిన పదార్థము దినమునకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగువకు సాగెను. ఈ అంకెను సభ్యులు జ్ఞాపకముంచుకొందురుగాక. ప్రసంగము చివర దీనితో పనియున్నది.

ఇక నరము తెగినప్పటి సంగతి. 1850లో ఆగస్టస్ వాలర్ అను ఆంగ్ల వైద్యుడు కప్ప నాలుకకు పోవు నరములను కోసి, దినములు గడచినకొలది వానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, తాను చూచినదానిని ప్రకటించెను. కోతకు పైన, కణదేహముతో సంబంధము నిలుపుకొన్న భాగము చెడలేదు. కోతకు దిగువభాగము మాత్రము ఆసాంతము తునుకలై శిథిలమయ్యెను. నేటికిని ఈ శైథిల్యమును వాలర్ పేరనే వ్యవహరించుచున్నారు. కాలువ తెగినప్పుడు చివరి ఆయకట్టుకు నీరందక పైరు ఎండినట్లు, పోషణ లేక దిగువభాగము నశించినదని నూఱేండ్లకు పైగా పండితులు తలంచిరి.

ఆ తలంపును ఒక చుంచెలుక తారుమారు చేసెను. మామూలు చుంచెలుకలో తెగిన నరపు దిగువభాగము రెండు దినములలోపుననే తునుకలగును. ఒక జాతి చుంచెలుకలలో మాత్రము అది వారములకొలది చెడక నిలిచియుండుట 1989లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించిరి. కణదేహమునుండి సరకు రాకపోవుట రెంటికిని సమానమే. అయినను ఒకటి చెడెను, ఒకటి చెడలేదు. కాబట్టి ఇది కేవలము ఆకలిచావు కాదనియు, తంతువు తన్నుతాను విప్పుకొనుటకు లోపలనే ఒక ఏర్పాటు కలదనియు తేలినది.

ఆ ఏర్పాటు క్రమముగా బయటపడినది. ఎన్.ఎమ్.నాట్-2 అను మాంసకృత్తు కణదేహమునుండి తంతువులోనికి ఎడతెగక వచ్చుచుండును. దాని ఆయువు కొలదిగంటలే. దీపములో చమురువలె దానిని పోయుచునే యుండవలెను. అది యున్నంతవఱకు తంతువు శక్తికి ఆధారమైన ఎన్.ఏ.డి. అను పదార్థము తయారగుచుండును. నరము తెగిన కొలదిగంటలలో ఆ చమురు తఱిగిపోవును. అంతవఱకు నిద్రించుచున్న సార్మ్-1 అను వేఱొక మాంసకృత్తు అప్పుడు మేల్కొని, మిగిలియున్న ఎన్.ఏ.డి.ని తానే ధ్వంసము చేయును. పిమ్మట కాల్షియము లోనికి చొచ్చి, కత్తెరలవంటి కాల్పెయిన్ అను మాంసకృత్తులను రేపును; అవి న్యూరోఫిలమెంటులను తునుకలు చేయును. సార్మ్-1 యొక్క ఈ పని 2012లో పండ్లపై వాలు చిన్నయీగలలోను చుంచెలుకలలోను వెల్లడియైనది. ఆక్స్‌ఫర్డు చుంచెలుకలలో ఎన్.ఎమ్.నాట్ జాతికి చెందిన మాంసకృత్తు యొకటి త్వరగా నశింపక నిలుచుటచేతనే వాని నరములు చెడలేదు.

తన్నుతాను కూల్చుకొనుట వలన నరమునకు లాభమేమి? పాతగోడ కూలి, రాళ్లు రప్పలు తొలగినగాని క్రొత్తగోడకు పునాది సాగదు. నరము చెడని ఆ చుంచెలుకలలో స్పర్శను తెలుపు తంతువులు తిరిగి పెరుగుట మందగించినట్లు 1990లో కనుగొనబడినది. దిగువభాగము చెడుటలోనే దారి సిద్ధమగుట ఇమిడియున్నది.

ఈ దారిని సిద్ధపఱచునవి ష్వాన్ కణములు. జీవులన్నియు కణములచే నిర్మితములని 1839లో గ్రంథము వెలువరించిన థియొడోర్ ష్వాన్ అను జర్మను పండితుని పేర ఇవి పిలువబడుచున్నవి. మామూలు దినములలో ఈ కణములు తంతువునకు మైలిన్ అను క్రొవ్వుపొరను చుట్టియుండును. నరము తెగగానే తమ పాతవృత్తిని విడిచిపెట్టును. మైలిన్‌కు కావలసిన మాంసకృత్తుల తయారీని ఆపును. సీ-జూన్ అను మాంసకృత్తు వీనిలో అధికమై వీనిని మరమ్మతు పనివారినిగా మార్చును. ఇవి పెక్కు కణములుగా విభజించుకొని, పాతమైలిన్‌ను తొలగించుటకు తామే పూనుకొనును; రక్తమునుండి వచ్చిన పాకీకణములు తోడ్పడును. తంతువు పోయినను దాని తొడుగు నిలిచియుండును. ఆ తొడుగులో ష్వాన్ కణములు బారులుతీరి, రాబోవు తంతువునకు బాట చూపుచు నిలుచును.

రామాయణ యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతునకు చెప్పిన నాలుగు ఓషధులలో విశల్యకరణి శరీరమున నాటిన ములుకులను తీయునది, సంధానకరణి తెగినదానిని కూర్చునది. దీనినిబట్టి నేటి శాస్త్రమంతయు పూర్వులకు తెలిసియుండెనని వాదించుట తగదు; మాంసకృత్తుల పేర్లు యుద్ధకాండలో లేవు. కాని శుభ్రపఱచుట వేఱు, కూర్చుట వేఱు, రెండును కావలెనను వివేకము మాత్రము ఆ పేర్లలో కలదు. నరములోను ఈ రెండు పనులు వేర్వేఱుగా జరుగుచున్నవి.

కూర్చుపని కణదేహమునకు చెందినది. దూరమున తెగినదన్న వార్త దానికెట్లు చేరును? తెగినచోట కొన్ని మాంసకృత్తులు అక్కడికక్కడే తయారై, డైనీన్ వాహనముపై తిరుగుదారిలో కణదేహమును చేరునని 2003లో ఇజ్రాయెల్ దేశపు పరిశోధకులు కనుగొనిరి. వార్త అందిన కణదేహము ఉబ్బును. దాని నడుమనుండు బీజము ప్రక్కకు తొలగును. ఈ మార్పును 1890 దశకములోనే ఫ్రాంజ్ నిస్సల్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. కణము చచ్చుచున్నదా అని తోచు ఈ స్థితి, తరచుగా, అది తన జమాఖర్చులను క్రొత్తగా వ్రాసికొనుచున్న స్థితి. తంతువునకు లావునిచ్చు న్యూరోఫిలమెంటుల తయారీ తగ్గును. కండరమునకు ఆజ్ఞనందించు రసాయనమునకు కావలసిన మాంసకృత్తులును తగ్గును. ఆజ్ఞ చేరవలసిన కండరమే దూరమైనప్పుడు వానితో పనిలేదు. ట్యూబ్యులిన్, ఆక్టిన్‌ల తయారీ హెచ్చును. పెరుగుదలకు సంబంధించిన జి.ఏ.పి.-43 అను మాంసకృత్తు పూర్వముకంటె ఎన్నో రెట్లు అధికమగును. దీనివంటివానిని 1981లో స్కీన్, విలార్డ్ అనువారు గుర్తించిరి. కఱవువచ్చిన సంవత్సరము గృహస్థుడు పెండ్లిఖర్చు మాని విత్తనములకు సొమ్ము కూడబెట్టినట్లు, కణము అలంకారమును మాని మొలకకు సొమ్ము మరలించును. కండరముతోనో చర్మముతోనో మఱల సంబంధము కలిసినపిదప పాతలెక్కకు తిరిగివచ్చును.

మొలచిన కొసను పిలుచుటకు దిగువనున్న ష్వాన్ కణములు కొన్ని పోషక మాంసకృత్తులను విడుచును. వీనిలో మొదట కనుగొనబడినది నరవృద్ధి కారకము. దీని కథ గ్రంథాలయములో చెప్పదగినది. 1938లో ఇటలీలో వచ్చిన శాసనములు యూదులను విద్యాలయములనుండి వెళ్లగొట్టగా, రీటా లెవీ-మోంటాల్చీని అను యువ వైద్యురాలు తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాలను ఏర్పఱచుకొని, కోడిగ్రుడ్లలోని పిండముల నరములను పరిశీలించెను. యుద్ధానంతరము అమెరికాలో ఆమె కనుగొన్నదానిని స్టాన్లీ కోహెన్ అను రసాయనవేత్త మాంసకృత్తుగా వేఱుచేసెను. 1986లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించెను.

ష్వాన్ కణముల విలువ ఎంతటిదో వెన్నుపామును చూచినచో తెలియును. మెదడు, వెన్నుపాములలో ష్వాన్ కణములు బాటవేయవు. అక్కడ తెగిన తంతువులు తమంతట దూరము పెరుగవు. 1981లో కెనడాలోని మాంట్రియలు నగరమున డేవిడ్, అగ్వాయో అను పరిశోధకులు ఎలుక కాలినరపు తునుకను వెన్నుపామునకు వంతెనగా అతికించి చూపిరి. వెన్నుపాము తంతువులు ఆ వంతెనలో సెంటీమీటర్లకొలది పెరిగెను. పెరుగుశక్తి కొఱవడుట ఒక్కటే కాదు, దారి లేకపోవుటయు లోపమే యని దానివలన తేలెను.

మనుష్యునిలో ఈ వృద్ధి ఎట్లుండునో తెలిసికొనుటకు హెన్రీ హెడ్ అను ఆంగ్ల వైద్యుడు తన చేతినే సమర్పించెను. 1903 ఏప్రిల్ 25న ఆయన ఎడమ ముంజేతిలోని స్పర్శనరమును కోయించి, వెంటనే కుట్టించుకొనెను. తరువాత నాలుగేండ్లపాటు ఆయన కేంబ్రిడ్జిలో మిత్రుడు రివర్స్ గదికి పోయి కన్నులు మూసికొని కూర్చుండగా, రివర్స్ సూదులతోను, దూదితోను, వేడినీరు చన్నీరు నింపిన గొట్టములతోను చర్మమును పరీక్షించుచుండెను. మొదట మోటు నొప్పియు, అధికమైన వేడిచలువలును తెలిసెను. మృదుస్పర్శ చాల ఆలస్యముగా వచ్చెను. వారి సిద్ధాంతములను తరువాతివారు కొన్నిచోట్ల ఖండించిరి. కాని కుట్టినంతమాత్రమున నరము కలియదు, మాసములు వత్సరములు వేచియుండవలెనన్న సత్యమును ఆయన తన దేహముపై వ్రాసికొనెను.

ఇప్పుడు మొదట చెప్పిన అంకెకు వత్తము. మనుష్యునిలో నరము సుమారుగా దినమునకు ఒక మిల్లీమీటరు పెరుగును; దూలములవంటి మాంసకృత్తులు నడచు మందవేగమునకు ఇది దగ్గఱగా నున్నది. సరకు చేరక పని సాగదు గదా! మణికట్టునుండి వ్రేలికొసకు 180 మిల్లీమీటర్లనుకొన్నచో 180 దినములు, అనగా ఆఱు మాసములు. భుజము క్రింద తెగినచో అరచేతికి 500 మిల్లీమీటర్లకు పైగా, అనగా పదునాఱు మాసములకు తక్కువ కాదు. తొలిదినములలో మొలక సిద్ధమగుటకును, కోతను దాటుటకును పట్టుకాలము దీనికి అదనము.

ఇంతలో మఱియొక లెక్క నడచుచున్నది. నరము లేని కండరము కృశించుచుండును. సుమారు ఒక సంవత్సరము మొదలు ఒకటిన్నర సంవత్సరము గడచినచో నరము వచ్చి తాకినను కండరము సరిగా మేల్కొనదు. వేచి వేచి ష్వాన్ కణములును అలయును. వానిలో సీ-జూన్ తగ్గును, పోషక మాంసకృత్తులు తఱుగును. ప్రామిసరీ నోటునకు కాలదోషము పట్టినట్లు నరమునకును పట్టును. నోటు చేతిలోనే యుండును, అప్పు నిజమే, కాని వసూలు కాదు. గాయము మానినదని ఆఱుమాసములు ఊరకుండి, తరువాత ఆస్పత్రికి పోయినవానికి వైద్యుడు చేయగలిగినది స్వల్పమగుటకు కారణమిదియే.

కాబట్టి కోతగాయమైనప్పుడు రక్తము ఆగినదా యని చూచినంతనే చాలదు. గాయమునకు దిగువన ప్రతి వ్రేలిని దూదితో తాకి స్పర్శను విచారింపవలెను. వ్రేళ్లు చాచుట, దగ్గఱకు తెచ్చుట, బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి అందించుట వచ్చునో రాదో చూడవలెను. నరము తెగినచోట చెమట పట్టదు. ఆ చర్మము పొడిగా నుండును. ఈ గుర్తులున్నచో చర్మమును కుట్టించుకొని ఇంటికి రాక, నరమును కుట్టగల శస్త్రవైద్యుని యొద్దకు కొలదిదినములలోనే పోవలెను. చేయి తలక్రింద పెట్టుకొని నిద్రించినప్పటి తిమ్మిరి వేఱు. అది నిమిషములలో పోవును. నలిగిన నరము వేఱు. తొడుగు తెగలేదు గనుక తనంతట పెరుగుట కలదు. పూర్తిగా తెగినది వేఱు. దానికి కుట్టు కావలెను. ఈ విభాగమును 1943లో సెడ్డన్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు ఏర్పఱచెను.

జరాసంధుని కథ అందఱికి తెలిసినదే. రెండు తునుకలుగా పుట్టిన శిశువును జర యనునది చేర్చిపట్టగా అతుకుకొనెను. భీముడు చీల్చిన తునుకలు తారుమారుగా పడినప్పుడు మాత్రము అతుకుకొనలేదని జనశ్రుతి. నరము సంగతియు నంతే. రెండు కొసలు ఎదురెదురుగా, ఏ భాగమునకు ఆ భాగము సరిగా చేరవలెను. అందులకే వైద్యులు సూక్ష్మదర్శినితో చూచుచు వెంట్రుకకంటె సన్నని దారముతో కుట్టుదురు. దారి దొరకని మొలకలు అక్కడనే చిక్కుపడి ముట్టుకొన్న నొప్పిపెట్టు ముడియగును. కొసలు అందనప్పుడు పిక్కనుండి ఒక స్పర్శనరమును తీసి వంతెన వేయుదురు. పాదపు వెలుపలి అంచున కొంత స్పర్శ పోవును, దానికి బదులు చేయి దక్కును.

కుట్టినపిదప కావలసినది ఓర్పు, కాపుదల. స్పర్శలేని వ్రేలికి పొయ్యి, ముల్లు, పురికొస అన్నియు శత్రువులు. కంటితో చూచి కాపాడుకొనవలెను. కీళ్లు బిగియకుండ వైద్యుడు చెప్పినట్లు ప్రతిదినము కదపవలెను. తైలము మర్దించినంత తెగిన నరము కలియదు. నరమును వేగముగా పెంచునని వైద్యులెల్లరు అంగీకరించిన ఔషధము ఇంకను లేదు. అయితే పనిజరుగుచున్నదని తెలిసికొనుట కుపాయము కలదు. 1915లో, యుద్ధములో గాయపడినవారిని చూచుచు, ఫ్రాన్సులో టినెల్, జర్మనీలో హోఫ్‌మన్ ఒకరికొకరు తెలియకయే దీనిని ప్రకటించిరి. నరము పోవు దారివెంట వ్రేలితో మెల్లగా తట్టినచో, మొలక ఎంతవఱకు వచ్చినదో అంతవఱకు జివ్వుమనును. ఆ చోటు నెలనెలకు దిగువకు జరుగుచున్నచో నరము వచ్చుచున్నదని అర్థము. జరుగక ఒకేచోట నిలిచినచో మఱల వైద్యునకు చూపవలెను.

ఈ గ్రంథాలయము తలుపు తెఱచి నేటికి ఇరువదియైదు సంవత్సరములు. కోతలకాలము రానే వచ్చుచున్నది. నేడు విన్నవారిలో ఏ ఒక్కరైనను, పొరుగువాని చేయి తెగిననాడు, రక్తము తుడిచి, వ్రేళ్లను దూదితో తాకి చూచి, ఆ సాయంకాలమే ఆస్పత్రికి బండి కట్టించినచో నేటి సభ సార్థకమగును. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.

స్వస్తి.